క్లే షూటింగ్‌కి సెమీ ఆటో షాట్‌గన్: కొనడం, ఒంటికి సరిపెట్టుకోవడం

మీరు అడిగింది ఇదీ: డల్లాస్ దగ్గర ఉంటారు. ఆఫీసువాళ్లతో కొన్నిసార్లు స్పోర్టింగ్ క్లేస్‌కి, అంటే గాల్లోకి విసిరే బిళ్లలను (వాటినే క్లేలంటారు) షాట్‌గన్‌తో పగలగొట్టే ఆటకి, వెళ్లారు. క్లబ్బు అద్దెకిచ్చిన ఓవర్ అండర్ (ఒకదాని మీద ఒకటి రెండు బ్యారెళ్లున్న) తుపాకీతో భుజం, చెంప రెండూ కమిలిపోయాయి. మీ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. 1500 డాలర్ల లోపు సెమీ ఆటో (ఒకటి కాల్చగానే తర్వాతి తూటాను తానే ఎక్కించుకునేది) కొనాలని ఉంది, మీ ఆవిడ కూడా దాంతోనే కాల్చాలి. ఏ కంపెనీది తీసుకోవాలి, స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) కోయించాలా అన్నది ప్రశ్న.

సూటిగా జవాబు: 12 గేజ్ (గేజ్ అంటే బ్యారెల్ లోపలి వెడల్పు కొలత, నంబరు తగ్గేకొద్దీ వెడల్పు ఎక్కువ), గ్యాస్‌తో నడిచే సెమీ ఆటో, 28 అంగుళాల బ్యారెల్, పెట్టెలోనే షిమ్‌లు (స్టాక్ వంపు సరిచేసే పలుచటి బిళ్లలు) వచ్చేది. కంపెనీ పేరు ఆ తర్వాత. వెయ్యి, పదకొండు వందలు తుపాకీకి పెట్టి మిగతాది తూటాలకూ, కొలత సరిచేయించుకోవడానికీ ఉంచండి. స్టాక్ ఇప్పుడే కోయించకండి. మీ ఒళ్లు కమలడానికి సగం కారణం అది ఓవర్ అండర్ కావడం కాదు, మీ కొలతకు లేకపోవడం. అదే కొలతతో సెమీ ఆటో కొంటే నొప్పి కొంత తగ్గుతుంది గానీ క్లేలు మాత్రం పగలవు.

తుపాకీ కంటే ముందు వీసా. మీరు గ్రీన్ కార్డా, హెచ్-1బీయా చెప్పలేదు. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు కాబట్టి వివరంగా చెప్తున్నాను. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 అందరూ, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. మీరు జన్మలో వేటకు వెళ్లకపోయినా సరే, అది చేతిలో ఉండాలి. నిషేధం కొనడానికి మాత్రమే కాదు, క్లబ్బులో అద్దె తుపాకీ పట్టుకోవడం కూడా దాని కిందికే వస్తుంది. ఆఫీసు టీమ్ ఔటింగ్ అంటే ఎవరూ అడగరు, మనమూ చెప్పం, కానీ చట్టం చట్టమే. టెక్సాస్ వేట లైసెన్సు ఏ నెలలో కొన్నా మామూలుగా ఆగస్టు 31తో గడువు తీరిపోతుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకుండా తుపాకీ ఇంట్లో ఉంచుకుంటే ఆ రోజు నుంచే మీరు తప్పులో ఉన్నట్టు. షాపులో నింపే 4473 ఫారంలోనూ ఈ ప్రశ్న ఉంటుంది, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి నమోదు) నంబరు అడుగుతారు. మీ ఆవిడ హెచ్-4 అయితే ఆమెకు విడిగా లైసెన్సు కావాలి, మీది చెల్లదు. గ్రీన్ కార్డు ఉంటే ఈ గొడవ లేదు. ఇమిగ్రేషన్ ఫైలు నడుస్తున్నవాళ్లు ఒకసారి లాయర్‌ని అడిగి ముందుకెళ్లడం మంచిది. వెయ్యి డాలర్ల తుపాకీ కోసం పదేళ్లుగా ఎదురుచూస్తున్న గ్రీన్ కార్డు మీదకు తెచ్చుకోవద్దు.

ఇక తుపాకీ.

సెమీ ఆటోల్లో ఇవాళ దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. గ్యాస్ రకంలో తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత బ్యారెల్ కింద ఉన్న రంధ్రాల్లోంచి వచ్చి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, అది బోల్టును (తూటా వెనక మూసుకునే లోహపు ముక్కను) తెరిచి ఖాళీ తూటాను బయటికి విసిరి కొత్తదాన్ని ఎక్కిస్తుంది. రెండోది ఇనర్షియా రకం, బెనెల్లి దీనికి పేరు మోసింది. అక్కడ తుపాకీ వెనక్కి తన్నే కదలికతోనే బోల్టులోని గట్టి స్ప్రింగ్ ముడుచుకుని, మళ్లీ విచ్చుకుంటూ ఆ పని చేస్తుంది. మసి లోపలికి పెద్దగా రాదు, శుభ్రం చేసే పని తక్కువ, బరువూ తక్కువ. బురదలో, వానలో బాతుల వేటకు వెళ్లేవాళ్లు అందుకే దాన్ని వదలరు.

మనకు కావాల్సింది వేరు. ఒక్క పూటలో వంద తూటాలు కాలుస్తాం. తుపాకీ బరువు, తూటా ఒకటే అయితే వెనక్కి వచ్చే మొత్తం తోపులో పెద్ద తేడా ఉండదు. కానీ గ్యాస్ రకంలో ఆ తోపు కాస్త ఎక్కువ సమయం మీద పరుచుకుని వస్తుంది. క్రికెట్‌లో వేగంగా వచ్చే బంతిని చేతులు వెనక్కి లాక్కుంటూ పట్టుకుంటే మంట తగ్గుతుంది చూశారా, అలాగ. పైగా క్లే కోసం చేసిన గ్యాస్ తుపాకులు ఏడున్నర, ఎనిమిది పౌన్ల బరువుంటాయి, ఆ బరువూ దెబ్బను మింగుతుంది. ఇనర్షియా తుపాకీ ఏడు పౌన్లకు అటూ ఇటూ ఉండి, యాభై తూటాల తర్వాత తన సంగతి చెప్తుంది. ఇంకో చిక్కు, 24 గ్రాముల తేలిక తూటాలతో కొన్ని ఇనర్షియా తుపాకులు సరిగ్గా తిరగవు, అంటే తర్వాతి తూటాను ఎక్కించవు. తుపాకీని భుజానికి గట్టిగా ఆనించని కొత్తవాళ్ల చేతిలో అయితే ఇది ఇంకా ఎక్కువ.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. జాన్ బ్రౌనింగ్ సెమీ ఆటో షాట్‌గన్‌కు 1900లో పేటెంట్ తీసుకున్నాడు. అందులో బ్యారెలే వెనక్కి జరిగేది, గట్టిగా తన్నేది. 1963లో రెమింగ్టన్ 1100 గ్యాస్‌తో వచ్చాక స్కీట్, ట్రాప్ (ఇవీ క్లేలు కాల్చే ఆటలే) మైదానాల్లో ఆడవాళ్లూ పిల్లలూ కూడా రోజంతా కాల్చగలిగారు. బాగా చూసుకున్న పాత 1100 ఎక్కడైనా దొరికితే ఇప్పటికీ చెడ్డ బేరం కాదు.

మీ బడ్జెట్‌లో నేను ముందు చూడమనేవి బెరెట్టా ఏ300 వరుస, మాస్‌బర్గ్ 940 వరుస. విన్‌చెస్టర్ ఎస్‌ఎక్స్4 కూడా పరవాలేదు. 940లో స్పేసర్లతో (పొడవు మార్చడానికి పెట్టే, తీసే బిళ్లలు) స్టాక్‌ను బాగా పొట్టిగా పెట్టుకునే వీలుంది, మీ ఇద్దరి ఎత్తుకూ అది పెద్ద సుగుణం. చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు బెరెట్టా బాగుంటుంది, బ్యాలెన్స్ నచ్చుతుంది. అది నా రుచి. ఏ400 ఎక్సెల్ ఇంకా సుఖంగా ఉంటుంది కానీ బడ్జెట్ దాటిపోతుంది. వాడిన బెరెట్టా 391 దొరికితే మాత్రం పరుగెత్తండి. 3½ అంగుళాల ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఉన్నది వద్దు. అది పెద్ద వేట తూటాల కోసం చేసింది, మన తేలిక తూటాలతో మొండికేసే అవకాశం ఎక్కువ. 3 అంగుళాలదైతే చాలు, మనం వాడేది ఎలాగూ 2¾ అంగుళాల తూటానే.

బ్యారెల్ 28 చాలా 30 కావాలా అని షాపులో గంటసేపు వాదిస్తారు. సెమీ ఆటోలో బ్యారెల్ వెనక ఉండే రిసీవర్ ఓవర్ అండర్ కంటే మూడు అంగుళాలకు పైగా పొడవుంటుంది. కాబట్టి 28 అంగుళాల సెమీ ఆటో మొత్తం పొడవులో 30 దాటిన ఓవర్ అండర్‌తో సమానం. మీ ఎత్తుకు 28 సరిపోతుంది.

సెమీ ఆటోకు ఉన్న లోట్లు కూడా చెప్పాలి. ఒక్కటే బ్యారెల్, కాబట్టి ఒక్కటే చోక్ (గుళ్లు ఎంత చెదరాలో నిర్ణయించే, బ్యారెల్ చివరి ఇరుకు). దగ్గర క్లే ఒకటి, దూరం క్లే ఒకటి వచ్చినప్పుడు రెండింటికీ అదే. ఒలింపిక్ ట్రాప్‌లో అందరి చేతుల్లో ఓవర్ అండరే కనబడటానికి ఇదొక కారణం. ఒక్కో క్లే మీద రెండు తూటాలు కాల్చవచ్చు, రెండోసారికి అది ఇంకా దూరం పోయి ఉంటుంది, అందుకని రెండో బ్యారెల్‌కు ఇంకా బిగువైన చోక్ పెట్టుకుంటారు. మన హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ 2016 రియోలో పోటీపడినది ఆ ట్రాప్‌లోనే. ఆ వీడియోలు చూసి సెమీ ఆటో చవకబారుదని అనుకోకండి, పని వేరు. ఇంకో లోటు, ఖాళీ తూటాలు కుడివైపుకు ఎగురుతాయి. ట్రాప్ లైనులో పక్కవాడి మీద పడితే వాడు నవ్వడు. ఒక చిన్న రబ్బరు క్యాచర్ పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఓవర్ అండర్‌ను విరిచి చేతిమీద వేసుకుంటే ఖాళీగా ఉందని అందరికీ కనబడుతుంది, సెమీ ఆటోకు ఆ సౌకర్యం లేదు. అందుకని స్టాండ్‌లోకి (కాల్చే చోటికి) వెళ్లేదాకా బోల్టు తెరిచే ఉండాలి, ఛాంబర్‌లో రంగు ఫ్లాగ్ ఉండాలి. కాలుస్తుండగా ఇరుక్కుపోతే తుపాకీ మొన మైదానం వైపే ఉంచి చెయ్యెత్తండి. వెనక్కి తిరిగి "ఏమైంది చూడన్నా" అని మాత్రం అడగొద్దు.

మీ ఆవిడ కోసం 20 గేజ్ తీసుకుందామా అని కూడా అడిగారు. అందరికీ ముందు ఇదే తోస్తుంది. ఆరు పౌన్ల 20 గేజ్‌లో మామూలు తూటా ⅞ ఔన్సు, అంటే సుమారు 25 గ్రాముల సీసపు గుళ్లు. ఎనిమిది పౌన్ల 12 గేజ్‌లో 24 గ్రాముల తూటా. బయటికి పోయే సీసం దాదాపు సమానం, బరువు మాత్రం రెండు పౌన్లు తేడా. గట్టిగా తన్నేది తేలిక తుపాకీయే. మా క్లబ్బుకు వచ్చే ఒక తెలుగావిడకు భర్త ముచ్చటపడి సన్నటి 20 గేజ్ కొనిచ్చారు. ఆవిడ ప్రతి తూటాకూ ముందే కళ్లు మూసుకునేది. గ్యాస్ 12 గేజ్, తేలిక తూటా, పొట్టి స్టాక్ ఇచ్చాక ఆ అలవాటు పోవడానికి కొంత కాలం పట్టింది, కానీ పోయింది. ఆ బరువు ఎత్తలేకపోతే మాత్రం 20 గేజ్‌లోనే కాస్త బరువైన గ్యాస్ మోడల్ చూడండి.

ఇప్పుడు అసలు విషయం, కొలత. రైఫిల్‌కు వెనక ఒక సైటు, ముందు ఒక సైటు ఉంటాయి. షాట్‌గన్‌కు వెనక సైటు ఉండదు, మీ కన్నే వెనక సైటు. చెంప స్టాక్ మీద ఎక్కడ ఆనుతుందో దాన్నిబట్టి కన్ను ఎక్కడుంటుందో తేలుతుంది, కన్ను ఎక్కడుందో దాన్నిబట్టి సీసం ఎక్కడికి పోతుందో తేలుతుంది. మొత్తం ఫిట్టింగ్ విద్య ఇంతే.

మొదట ఏ కన్ను పెత్తనం చేస్తుందో చూసుకోండి. రెండు చేతులూ చాచి వేళ్ల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లతో దూరంగా ఉన్న వస్తువును అందులోంచి చూడండి. ఎడమ కన్ను మూస్తే వస్తువు అక్కడే ఉంటే కుడికన్నుది పెత్తనం. మాయమైతే ఎడమది. కుడిచేతివాటం, ఎడమ కన్ను పెత్తనం ఉన్నవాళ్లు తుపాకీని ఎంత సరిచేయించుకున్నా ఎడమవైపుకే కాలుస్తారు. వరంగల్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు రెండు తుపాకులు మార్చి, మూడోది కొనబోతుంటే ఈ పరీక్ష చేశాం. షూటింగ్ అద్దాల ఎడమ గ్లాసు మీద, సరిగ్గా బ్యారెల్ చివర కనబడే చోట, చిన్న మసక టేపు ముక్క అంటించాం. మూడో తుపాకీ అవసరం రాలేదు.

తర్వాత స్టాక్ పొడవు. ట్రిగ్గర్ నుంచి స్టాక్ వెనక చివర మధ్యకు ఉండే దూరం ఇది. కంపెనీ నుంచి వచ్చేవి మామూలుగా 14¼, 14½ అంగుళాలు ఉంటాయి, సగటు అమెరికన్ మగవాడిని దృష్టిలో పెట్టుకుని. మీ ఎత్తుకు 13½, 13¾ దగ్గర తేలవచ్చు, మీ ఆవిడకు 13 చుట్టుపక్కల. మోచేతిని మడిచి అందులో స్టాక్ పెట్టి కొలిచే పాత పద్ధతి షాపుల్లో ఇంకా చేస్తారు, దాన్ని నమ్మకండి. తుపాకీ భుజానికెత్తి, చెంప ఆనించినప్పుడు ముక్కుకూ బొటనవేలి కణుపుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే దగ్గరలో ఉన్నట్టు. డిసెంబరు జాకెట్ వేసుకుంటే లెక్క మారుతుంది, మీరు ఎక్కువగా కాల్చే బట్టల్లోనే చూడండి.

ఒంటి మీద మచ్చలు చూసి కూడా చాలా చెప్పవచ్చు, కొత్తవాళ్లను నేను ముందు అడిగేది అదే:

చెయ్యి కండ మీద, భుజం కీలు బయట మచ్చ: స్టాక్ పొడుగైంది. ఎత్తేటప్పుడు చంకలో తగులుతుంటే మీరు తెలియకుండానే పక్కకు తోసి చేతి మీద పెట్టుకుంటున్నారు. మీ సమస్య ఇదే అని నా అంచనా.

చెంప ఎముక మీద దెబ్బ: స్టాక్ పై అంచు, దీన్ని కోంబ్ అంటారు, మీ మొహానికి ఎత్తు తప్పుగా ఉంది, లేదా చెంపను గట్టిగా ఆనించకుండా పైపైన పెడుతున్నారు. సందు ఉంటే తుపాకీ వచ్చి గుద్దుతుంది.

మధ్యవేలు వెనక దెబ్బ: ట్రిగ్గర్ గార్డ్ వచ్చి తగులుతోంది. స్టాక్ పొట్టిదైనా అయి ఉంటుంది, పట్టయినా వదులుగా ఉండి ఉంటుంది.

స్టాక్ కింది మొన ఛాతీలో గుచ్చుకోవడం: వెనక ప్యాడ్ వాలు సరిపోలేదు. ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. ప్యాడ్ కింది మొనను కొంచెం బయటికి తిప్పించి, గుండ్రంగా అరగదీయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

పొడవు కుదిరాక కోంబ్ ఎత్తు, పక్కవాలు చూడాలి. ఇక్కడే షిమ్‌లు పనికొస్తాయి. రిసీవర్‌కూ స్టాక్‌కూ మధ్య పెట్టే పలుచటి ప్లాస్టిక్ బిళ్లలు ఇవి, ఒక్కోదాని మీద అక్షరం ఉంటుంది. స్టాక్‌ను పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ కొద్దిగా వంచుతాయి. బెరెట్టాల్లో ముందు షిమ్ మార్చినప్పుడు దానికి జతగా స్టాక్ లోపలి బోల్టు దగ్గరుండే ప్లేటు కూడా మార్చాలి. చాలామంది అది వదిలేసి స్టాక్ కిర్రుమంటోందని ఫిర్యాదు చేస్తారు. కన్ను ఎత్తులో ఉంటే దెబ్బ పైకి పోతుంది, కిందుంటే కిందికి. కన్ను రిబ్‌కు (బ్యారెల్ మీది పొడవాటి పట్టీకి) ఎడమగా ఉంటే ఎడమకు పోతుంది, కుడిచేతివాళ్లకు స్టాక్ కొంచెం కుడికి వంగి ఉండాల్సింది అందుకే.

ఏ షిమ్ అన్నది అద్దం ముందు తేలదు. కాగితం మీద తేలుతుంది. ప్యాటర్న్ బోర్డు (గుళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసే బోర్డు) ఉన్న క్లబ్బుకు వెళ్లి 16 గజాల దూరంలో పెద్ద కాగితం, మధ్యలో చిన్న గుర్తు పెట్టండి. బిగువైన చోక్ వేయండి. రైఫిల్‌లా గురిచూడకండి. కళ్లు గుర్తు మీదే ఉంచి తుపాకీ ఎత్తి, చెంప తగలగానే కాల్చేయండి. ఒకే కాగితం మీద నాలుగైదు తూటాలు. గుంపు మధ్య ఎక్కడుందో చూడండి. గుర్తుకు ఎన్ని అంగుళాలు పక్కన పడితే, స్టాక్‌ను అంగుళంలో అన్ని పదహారో వంతులు జరపాలి. రెండు అంగుళాలు కిందికి పడితే కోంబ్ ఎనిమిదో వంతు అంగుళం లేవాలి. లెక్క సులువే: కంటి నుంచి బ్యారెల్ చివరికి సుమారు ఒక గజం, కాగితం పదహారు గజాలు. కంటి దగ్గర జరిగింది అక్కడ పదహారు రెట్లవుతుంది. స్పోర్టింగ్ క్లేస్‌కు గుంపు గుర్తు మీదే, లేదా పిసరంత పైన పడితే చాలు. ట్రాప్‌లో క్లే పైకి లేస్తూ పోతుంది కాబట్టి అక్కడివాళ్లు ఇంకా పైకి పెట్టుకుంటారు.

షిమ్‌తో ఎత్తు చాలకపోతే మందుల షాపులో పాదాలకు అమ్మే మోల్‌స్కిన్ పట్టీలు కొని కోంబ్ మీద అంటించండి. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక మిత్రుడికి మెడ పొడుగు, ప్రతి దెబ్బా క్లే కిందికే పోయేది. నాలుగు డాలర్ల పట్టీతో కుదిరింది. ఇప్పటికీ ఆ మాసిన పట్టీతోనే కాలుస్తున్నాడు, అందంగా లేదని ఎవరన్నా పట్టించుకోడు.

ఒక షరతు ఉంది. తుపాకీ ఎత్తడం ప్రతిసారీ ఒకేలా లేకపోతే ఈ కొలతలన్నీ వృథా. ఇంట్లో, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, అద్దం ముందు రోజూ పది నిమిషాలు ఎత్తి దించండి. ముందు చెంపకు, తర్వాత భుజానికి. తల తుపాకీ దగ్గరికి వంగకూడదు, తుపాకీయే మొహం దగ్గరికి రావాలి. నెల తర్వాత ప్యాటర్న్ బోర్డుకు వెళ్లండి. స్టాక్ కోయించవద్దన్నది కూడా అందుకే, మొదటి నెలల్లో మీ భంగిమ మారుతూనే ఉంటుంది. స్పేసర్ మళ్లీ పెట్టుకోవచ్చు, కోసిన చెక్కను అతికించలేం. ఆ తర్వాత ఒక గంట ఇన్‌స్ట్రక్టర్‌కు ఇవ్వండి. ఎన్‌ఎస్‌సీఏ (నేషనల్ స్పోర్టింగ్ క్లేస్ అసోసియేషన్) జాబితాలో మీ ఊరి దగ్గరివాళ్లు దొరుకుతారు, దాని ప్రధాన కార్యాలయం శాన్ ఆంటోనియోలోనే ఉంది.

ఇద్దరూ ఒకే తుపాకీ వాడాలంటే స్టాక్‌ను మీ ఆవిడ కొలతకు పొట్టిగా పెట్టి, మీరు కాల్చేటప్పుడు తొడుగులా ఎక్కించే రబ్బరు ప్యాడ్ వేసుకోండి. పొట్టిదాన్ని పొడుగు చేయడం నిమిషం పని.

మిగతావి క్లుప్తంగా. తూటాలు ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు, ఎనిమిదో నంబరు (గుళ్ల సైజు) సీసం; మీ ఆవిడకు 24 గ్రాములు. కొత్త తుపాకీలో ఫ్యాక్టరీ గ్రీజు తుడిచి, మొదటి నాలుగైదు పెట్టెలు కాస్త బరువైన 1⅛ ఔన్సువి మీరే కాల్చేసి, అది తిరగడం మొదలుపెట్టాక తేలికవాటికి రండి. చోక్ ఇంప్రూవ్డ్ సిలిండర్ (కాస్త వదులైన రకం) పెట్టి ఆరు నెలలు దాని గురించి మర్చిపోండి. కొన్ని వందల తూటాలకొకసారి పిస్టన్ మీది మసి తుడవాలి. చెవులకు, కళ్లకు రక్షణ లేకుండా అడుగుపెట్టనివ్వరు. సీసం తాకిన చేతులతో మిర్చిబజ్జీ తినకండి, సబ్బుతో కడుక్కోండి. పిల్లలున్న ఇంట్లో తాళం పడే ఉక్కు బీరువా తప్పనిసరి. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి గుళ్లు నింపిన తుపాకీ అందేలా వదిలేయడం టెక్సాస్‌లో నేరం కూడా.

మీ వీసా ఏదో, మీ ఇద్దరికీ ఏ కన్ను పెత్తనం చేస్తుందో రాయండి. ఎవరికైనా ఎడమది అయితే, ఎడమ భుజం నుంచి నేర్చుకోవడం మేలా, టేపుతో సరిపెట్టడం మేలా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి. ఎడమచేతి మోడళ్లు అన్ని వరుసల్లోనూ దొరకవు.